సెల్లు వచ్చింది, మాట మారింది



ఈ పూట ముచ్చట సెల్ ఫోన్ గురించి. "దాని గురించి చెప్పేదేముంది? పొద్దున లేస్తే చేతిలో ఉండేదే గదా" అని కొందరు అనుకుంటారు. చేతిలో ఉన్నదాని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి. రోజూ వాడే వస్తువే రోజూ మేలు చేస్తుంది. చెరుపు చేసినా అదే చేస్తుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు పట్నాలూ ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబర్ 11న మూడు జిల్లాలకు మూడు కేంద్రాలయ్యాయి. మూడు చోట్లా బతుకుదెరువు వేరు. జనగామ వైపు మెట్ట సేద్యం, నేత పని, హైదరాబాద్ వలస. మహబూబాబాద్ వైపు మిర్చి, పత్తి, తండాలు. భూపాలపల్లిలో బొగ్గు గనులు, చుట్టూ అడవి. బతుకులు వేరైనా సెల్లు మాత్రం అన్ని ఇళ్లలోకీ వచ్చింది. వచ్చి ఏం చేసింది?

ముందు ఎట్లుండేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

జనగామ జిల్లా కొడకండ్లలో ఒక నేత పనివారి ఇల్లు అనుకోండి. ఊళ్లో మగ్గం కూడు పెట్టలేదు. ఇంటాయన సూరత్ పోయాడు. ఆ ఊరి నుంచి సూరత్, భీవండి పోయిన కుటుంబాలు ఎన్నో. ఇంటాయన ఉత్తరం రాస్తాడు. అది రావడానికి రోజులు పడుతుంది. వచ్చినా ఏం లాభం? ఇంటామెకు చదువు రాదు. పోస్టుమన్నును బతిమాలాలి. లేకపోతే బడికి పోయే పక్కింటి పిలగాణ్ణి పిలవాలి. మొగుడు పెళ్లానికి రాసిన మాట మూడో మనిషి నోట వినాలి. అందులో పైసల సంగతి ఉంటుంది. అత్తతో పడిన గొడవ ఉంటుంది. పిలగాడు చదువుతుంటే వాడకట్టు ఆడోళ్లు చుట్టూ చేరేవాళ్లు.

జవాబు రాయించడం ఇంకా కష్టం. మనసులో పది మాటలుంటే రాసేవాడికి రెండు చెప్పేది. "మేమంతా క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తం." అంతే. మిగతా ఎనిమిది కడుపులోనే ఉండేవి.

తొందర కబురైతే తంతి. తంతి వచ్చిందంటేనే గుండె జారేది. చావు కబురుకే తంతి వస్తుందని పేరు. ఆ తంతి సేవను 2013 జులైలో మూసేశారు. పల్లెల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికే సెల్లు వచ్చి ఉంది.

ఉత్తరానికీ సెల్లుకూ నడుమ కొన్నేళ్లు ఎస్టీడీ బూతులు నడిచాయి. అద్దాల డబ్బాలో నిలబడి మాట్లాడాలి. ఎదురుగా ఎర్ర అంకెలు గిర్రున తిరిగేవి. అంకెలు చూస్తూ మాట్లాడితే మాట ఎట్ల వస్తుంది? రాత్రి పొద్దుపోతే రేటు తక్కువ. అందుకని చీకటి పడ్డాక వరుస కట్టేవాళ్లు. ఊళ్లో ఒక్క ఇంట్లో ఫోనుంటే అది వాడకట్టు అందరి ఫోను. దాన్ని పీపీ నంబరు అనేవాళ్లు. "ఫలానా ఆమెను పిలవండి, పది నిమిషాలకు మళ్లీ చేస్తం" అని పెట్టేసేవాళ్లు. పిలగాడు ఉరికొచ్చి చెబితే పిండి చేతులతోనే ఉరకాలి. ఆ ఇంటివాళ్ల ముందే మాట్లాడాలి. అక్కడా మూడో చెవి ఉండేది.

మన దేశంలో సెల్ ఫోన్‌లో మొదటి మాట 1995 జులై 31న. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. అవతలివాళ్లు ఫోన్ చేసినా ఇవతలివాళ్లకు పైసలు పడేవి. కూలినాలి చేసుకునేవాళ్లు దాని జోలికి పోతారా?

2003లో వచ్చే ఫోనుకు పైసలు లేకుండా చేశారు. పెద్ద మలుపు ఇదే. చేసే స్తోమత లేకున్నా, వినే స్తోమత అందరికీ వచ్చింది. అప్పుడే మిస్డ్ కాల్ అనే కొత్త భాష పుట్టింది. ఒకసారి మోగి ఆగిపోతే బిడ్డ క్షేమంగా ఇల్లు చేరిందని. రెండుసార్లు మోగితే "తిరిగి చెయ్యి" అని. పైసా ఖర్చు లేదు, కబురు చేరింది. ఈ తెలివి ఎవరూ నేర్పలేదు. లేనితనం నేర్పింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక నెట్టు చౌకైంది. మాటతోపాటు బొమ్మ కూడా వచ్చింది.

ఇప్పుడు అదే నేత పనివారి ఇంట్లో చూడండి. సూరత్‌లో మగ్గాల షెడ్డు బయట నిలబడి నాయిన వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ చంటిది తెర మీద నాయిన మీసం పట్టుకోబోతుంది. నడుమ పోస్టుమన్ను లేడు. పక్కింటి పిలగాడు లేడు. పది మాటలూ చెప్పుకోవచ్చు. ఈ మేలును తక్కువ చెయ్యకూడదు. "సెల్లుతో లోకం చెడిపోయింది" అనేవాళ్లలో చాలామంది ఎన్నడూ ఉత్తరం చదివించుకోవడానికి ఇంకొకరి గడప ఎక్కి ఉండరు.

108 సంగతీ అంతే. ఆ బండి 2005 ఆగస్టులో మొదలైంది. నొప్పులు మొదలైన కోడలికి అర్ధరాత్రి ఎడ్లబండి వెతకాల్సిన పని తప్పింది. కానీ పిలవడానికి ఫోన్ కావాలి. దానికి సిగ్నల్ కావాలి. భూపాలపల్లి అడవి పల్లెల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కిన రోజులు చాలామందికి తెలుసు.

అయితే ఫోన్ ఒక కొత్త దిగులు కూడా తెచ్చింది. మాట్లాడకపోతే అనుమానం. పది నిమిషాలు ఫోన్ ఎత్తకపోతే "ఏమైంది? ఎక్కడున్నవ్? ఎవరితో ఉన్నవ్?" వెనుకట పొద్దున పోయినవాళ్లు పొద్దుగూకి వచ్చేదాకా ఎవరికీ భయం లేదు. ఈ విషయంలో భూపాలపల్లి గని కార్మికుల ఇంటి ఆడోళ్లను చూడాలి. బాయిలోకి దిగే మనిషి ఫోన్ పైనే వదిలి దిగాలి. లోపల నిప్పురవ్వ పుడితే ప్రమాదం. అందుకని షిఫ్టు అయ్యేదాకా ఆయన ఫోన్ పలకదు. అది ఆ ఇంటికి అలవాటే. షిఫ్టు విడిచాక ఆయనే చేస్తాడు. మిగతా ఇళ్లలో మాత్రం పది నిమిషాల ఓపిక లేదు.

పెళ్లి పిలుపుల సంగతి చెప్పుకోవాలి. మన దిక్కు పిలుపు అంటే ఏమిటి? ఇంటికి పోవాలి. బొట్టు పెట్టాలి. "వదినె, పిల్లల పెండ్లి, ముందురోజే రావాలె" అని చెప్పాలి. కూర్చోవాలి, చాయ తాగాలి. ఆ కూర్చున్న పూటలోనే పాత అలకలు తీరిపోయేవి. ఇప్పుడు పెళ్లి పత్రిక వాట్సప్‌లో వస్తుంది. పంపినవాళ్లు "రెండు వందల మందికి చెప్పినం" అనుకుంటారు. అందుకున్నవాళ్లు "ఫోన్‌ల పంపితే పిలిచినట్టేనా?" అనుకుంటారు. రెండు దిక్కులా తప్పు లేదు. ఇల్లిల్లూ తిరగడానికి ఆటో కిరాయిలు, రెండు రోజుల కూలి పోతుంది. కానీ మేనమామకు, ఆడబిడ్డకు, పెద్దమ్మకు గడప తొక్కకుండా పిలుపు పంపితే మనసు నొచ్చుకుంటుంది. చాలా ఇళ్లలో దీనికొక దారి చేసుకున్నారు. దగ్గరి చుట్టాలకు బొట్టు. దూరపు చుట్టాలకు ఫోన్ చేసి నోటి మాట. పత్రిక ముందు పంపినా తరవాత మాట మాత్రం తప్పదు. ఉత్త బొమ్మ పంపి ఊరుకోరు. ఇది మంచి పద్ధతే.

చావు కబురు మాత్రం ఫోన్‌లో చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. వెనుకట కబురు తెచ్చే మనిషి నడిచి వచ్చేసరికి దహనం అయిపోయేది. బొంబాయిలో ఉన్న కొడుకు కడసారి చూపుకు అందేవాడు కాదు. ఇప్పుడు గంటలో తెలుస్తుంది. రైలెక్కుతాడు.

అత్తగారింట్లో ఉన్న బిడ్డకు తల్లి గొంతు రోజూ వినబడడం ఎంత బలమో చెప్పనక్కర లేదు. దెబ్బలు తిన్న రోజున "అవ్వా" అని ఒక్క మాట చేరితే ప్రాణం నిలుస్తుంది. అదే తల్లి రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి "ఇయ్యాల ఏం కూర? మీ అత్త ఏమన్నది?" అని అడిగితే ఆ ఇంట్లో పొయ్యి మీద కూర కన్నా గొడవ ముందు ఉడుకుతుంది.

మరి ఆ ఫోన్ ఎవరిది?

2019 నుంచి 2021 దాకా దేశంలో కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. అందులో ఆడవాళ్లను "మీరు సొంతంగా వాడుకునే ఫోన్ ఉందా?" అని అడిగారు. నూటికి సుమారు 54 మంది ఉందన్నారు. తక్కినవాళ్లకు సొంతంగా వాడుకునే ఫోన్ లేదు. ఇంట్లో ఫోన్ ఉంటే అది మొగుడిదో కొడుకుదో. మాట్లాడాలంటే అడగాలి. ఎవరితో మాట్లాడిందీ చెప్పాలి. కొందరు మగవాళ్లు వచ్చిన నంబర్లన్నీ తీసి చూస్తారు. తన ఫోన్ మాత్రం తాళం వేసుకుంటారు. ఈ తాళం ఒక దిక్కే ఎందుకుండాలి? ఆడపిల్ల చేతిలో ఫోన్ కనబడితే గుంజుకుంటారు. అదే వయసు మగపిల్లవాడు రాత్రంతా చూసినా "చదువుకుంటున్నడేమో" అంటారు.

ఇది మహిళా సంఘాల్లో కూడా కనబడుతుంది. సంఘం మీటింగు ఎప్పుడన్నది వాట్సప్ గ్రూపులో పెడతారు. బటన్ ఫోన్ ఉన్నామెకు అది రాదు. ఫోనే లేనామెకు అసలే రాదు. మీటింగుకు రాలేదని జరిమానా వేస్తే "నాకెవరు చెప్పిన్రు?" అని కొట్లాట. గ్రూపులో పెట్టినంత మాత్రాన చెప్పినట్టు కాదు. పక్క ఇంటామెను గడప దగ్గర నిలబడి ఒక కేక వెయ్యమంటే సరిపోతుంది.

ఇప్పుడొక బాధాకరమైన సంగతి. 2018 మే నెల. తెలంగాణలో ఊరూరా ఫోన్లలో ఒకటే కబురు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని. భయంకరమైన బొమ్మలు, ఏడుపులు, "వెంటనే అందరికీ పంపండి" అని రాత. ఎక్కడివో, ఎప్పటివో ఎవరికీ తెలియదు. పంపినవాళ్లు చెడు తలచి పంపలేదు. పిల్లల మీద ప్రేమతోనే పంపారు. జనగామకు పక్క జిల్లా యాదాద్రి భువనగిరి. అక్కడ బీబీనగర్ మండలంలో ఒక మనిషిని పిల్లలెత్తుకుపోయేవాడని కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అడుక్కుని బతికే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. వాళ్లు ఏ పిల్లల్నీ ఎత్తుకుపోలేదు.

అదే సమయంలో జోగులాంబ గద్వాల వైపు పల్లెల్లో పోలీసులు ఒక వింత గమనించారు. ఎండాకాలం వాకిట్లో మంచాలు వేసుకుని పడుకునే జనం లోపల తలుపులు బిగించుకుని పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు చూపించారు. అప్పుడు అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి. ఆమె కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు. డప్పు కొట్టించారు, పాటలు పాడించారు. "ఆ కబురు అబద్ధం, కొత్త మనిషి కనబడితే కొట్టకండి, మాకు చెప్పండి" అని ఇంటింటికీ చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన అబద్ధాన్ని డప్పుతో తరిమారు. ఆ జులైలోనే వాట్సప్ వాళ్లు మన దేశంలో ఒక కట్టడి పెట్టారు. వచ్చిన కబురును ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపనివ్వకుండా చేశారు.

ఎదురుగా కూర్చుని ఎవరైనా ఒక మాట చెబితే ఆడోళ్లు ఊరికే నమ్ముతారా? "నీకెవరు చెప్పిన్రు? ఎప్పుడు? ఏ ఊళ్లె?" అని మూడు అడుగుతారు. ఫోన్‌లో వచ్చినదాన్ని మాత్రం ఏమీ అడగకుండా నమ్మేస్తారు. ఆ మూడు ప్రశ్నలూ దాన్ని కూడా అడగాలి. జవాబు లేకపోతే ముందుకు పంపొద్దు.

పైసల మోసాల గురించి కొంచెం చెప్పుకోవాలి. ఫోన్‌లో పైసలు మనకు రావడానికి పిన్ను నొక్కనక్కర లేదు. మన పైసలు పోవడానికే పిన్ను. "మీకు పైసలు వేస్తున్నం, పిన్ను కొట్టండి" అన్నాడంటే వాడు దొంగ. ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకువాళ్లమన్నా సరే. పోలీసులమని వీడియోలో కనబడి "నిన్ను అరెస్టు చేసినం, పైసలు పంపు" అన్నా నమ్మొద్దు. ఫోన్‌లో అరెస్టు అనేది లేదు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే పైసలు ఆపే వీలు అంత ఎక్కువ.

లోన్ యాప్‌లు ఇంకా పాడు. అవి అప్పు ఇచ్చేముందు ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ తీసుకుంటాయి. కిస్తు ఆలస్యమైతే ఆ పేర్లన్నిటికీ, అంటే అన్నకు, వియ్యంకుడికి, పక్కింటామెకు "ఈమె దొంగ" అని పంపుతాయి. 2020 చివర్లో తెలంగాణలో ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి చాలామందిని పట్టుకున్నారు. వెనుకట వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు అరిస్తే వాడకట్టు వినేది. యాప్ అరిస్తే చుట్టరికమంతా వింటుంది. సంఘం అప్పు ఉండగా దాని జోలికి ఎందుకు?

ఇక చదువు సంగతి. నిజానికి ఈ ముచ్చటంతా దాని కోసమే.

ఉత్తరాల రోజుల్లో కష్టం మూడో మనిషి నోరు. సెల్లుతో అది పోయిందనుకున్నాం. పోయిందా? బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. అమ్మ ఫోన్ తీసి కొడుకు చేతికిస్తుంది. "ఏం వచ్చింది, చూడు బిడ్డా" అంటుంది. కొడుకు చూసి "ఏం లేదే" అంటాడు. నిజంగానే ఏం లేదేమో. పింఛను పడిందేమో. ఎవరో పైసలు తీశారేమో. మళ్లీ మూడో మనిషి నోరే! పోస్టుమన్ను పోయి కొడుకు వచ్చాడు, అంతే తేడా.

అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు కూడా ఒక చిక్కు ఉంది. ఫోన్‌లో మైకు బొమ్మ ఉంటుంది. నొక్కి మాట్లాడితే మాట పోతుంది. రాయనక్కర లేదు, చదవనక్కర లేదు. సుఖంగానే ఉంటుంది. మిర్చి ఏరే చేతులకు, నాట్లేసే చేతులకు అది నిజంగా సాయమే. కానీ వాడని అక్షరం మరుపుకొస్తుంది. ఎంత కష్టపడి నేర్చుకున్నదీ కరిగిపోతుంది. బ్యాంకు మాత్రం గొంతుతో చెప్పదు, రాతే పంపుతుంది. మందు చీటీ గొంతుతో చెప్పదు.

కాబట్టి రోజుకు ఒక్క కబురైనా రాసి పంపాలి. తప్పులొస్తే రానీయండి. "బియం అయినయి, తే" అని రాసినా ఇంటాయనకు తెలుస్తుంది. ఫోన్‌లో పేర్లు వేరే వాళ్లతో ఎక్కించుకోవద్దు. అవ్వ, తమ్ముడు, ఆశా అక్క, 108, అన్నీ సొంతంగా తెలుగులో ఎక్కించుకోవాలి. ఫోన్ మోగినప్పుడు ఆ పేరు చదివే ఎత్తాలి. మహబూబాబాద్ తండాల్లోని అక్కలకు ఇది ఇంకా బాగా తెలుసు. లంబాడీ మాటకు వాడుకలో సొంత రాత లేదు. ఇక్కడివాళ్లు ఆ మాటను తెలుగు అక్షరాల్లోనే రాసి పంపుకుంటారు. అవ్వ నేర్పిన మాట, బడి నేర్పిన అక్షరం. రెండూ ఒక్క తెర మీద కలుస్తాయి.

ఒక కాయితం మీద నాలుగు నంబర్లు రాసి తలుపు వెనుక అంటించుకోవాలి. ఫోన్ పోయినా, చార్జింగ్ లేకపోయినా ఆ కాయితం ఉంటుంది. వెనుకట నంబర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు సొంత బిడ్డ నంబరు కూడా నోటికి రాదు.

మేడారం జాతరకు పోయేవాళ్లు ఈ మాట ఇంకా గట్టిగా పట్టుకోవాలి. జాతర రెండేళ్లకోసారి. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరయ్యేదాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. లక్షల మంది ఒక్కచోట చేరతారు. అందరూ ఒక్కసారే ఫోన్ చేస్తే టవర్లు మొయ్యలేవు. ఫోన్ చేతిలోనే ఉంటుంది, మాట మాత్రం పోదు. అందుకని బండి దిగగానే కలుసుకునే చోటు అనుకోవాలి. జంపన్న వాగు దగ్గర ఫలానా చెట్టు కింద అని పిల్లలకు కూడా చెప్పాలి. చంటిపిల్లల చేతికి కాయితం చుట్టి దారం కట్టాలి. దాని మీద పిల్ల పేరు, ఊరి పేరు, రెండు నంబర్లు రాయాలి. ఒకటి వెంట ఉన్న ఫోన్‌ది. ఇంకోటి ఊళ్లో ఇంటి దగ్గర ఉన్నవాళ్లది. జాతరలో ఫోన్ పలకకపోయినా ఊళ్లో ఫోన్ పలుకుతుంది. ఆ కాయితం అమ్మ తన చేత్తోనే రాయాలి. అంకెలు పెద్దగా, విడివిడిగా ఉండాలి. పిల్ల ఎవరి చేతికి దొరుకుతుందో తెలియదు కాబట్టి ఎవరికైనా చదవవచ్చేలా రాయాలి.